ఊక బదులు ఏం వాడాలన్న ప్రశ్నకు: మా బాబాయి షెడ్డులో నేను చూసింది

మీరు అడిగింది ఇది: ఆకాశంలో విచ్చుకునే షాట్స్ లోపల నల్లటి తుపాకి మందు పూసిన ఊక ఉంటుందని విన్నారు, మీకు మంచి ఊక దొరకడం లేదు, దాని బదులు మరమరాలో, పత్తి గింజలో, కొబ్బరి పొట్టో పెట్టి మేడ మీద కొంచెం చేసుకోవచ్చా అని.

కొలతలు, పూత పెట్టే పద్ధతి నేను రాయను. ఎందుకు రాయనో మాత్రం వివరంగా చెబుతాను.

మాది మండపేట దగ్గర పల్లె. మా బాబాయికి లైసెన్సు ఉన్న చిన్న బాణసంచా షెడ్డు ఉండేది, ఊరికి దూరంగా కొబ్బరి తోట చివర. డిగ్రీ చదివే రోజుల్లో దసరా సెలవులు మొదలైతే దీపావళి దాకా నేను అక్కడే. బస్తాలు దింపడం, లెక్కలు రాయడం నా పని. మందు ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఊక ఎందుకంటే, ఉత్త మందు గడ్డకడితే పైనుంచి లోపలికి పొరపొరగా కాలుతుంది. అదే తేలికైన దానిమీద పలచగా పరుచుకుంటే మధ్యలో ఖాళీలుంటాయి, మంట ఒక్కసారిగా అంతటా పాకుతుంది. ఊక చిన్న పడవలా వంపుగా ఉంటుంది కాబట్టి ఒకదానిమీద ఒకటి అతుక్కోదు. ఇప్పటి మిల్లుల్లో రబ్బరు రోలర్ల మధ్య ధాన్యం పొట్టు ఊడుతుంది, ఊక నిండుగా వస్తుంది. పాత హల్లర్ మిల్లు ఊక నలిగిపోయి తవుడుతో కలిసి ఉండేది. బాబాయి బస్తాలోంచి గుప్పెడు తీసి అరచేతిలో పెట్టుకుని ఊదేవాడు. తవుడు లేచిందంటే ఆ బస్తా వెనక్కే.

ఇక కొబ్బరి పొట్టు. ఒక ఏడాది ఊక ఆలస్యమైంది. పక్కనే పీచు మిల్లు, పొట్టు గుట్టలుగా పడి ఉంది. పెద్ద పనివాడు ఒకాయన "ఇదీ తేలికే కదండీ" అన్నాడు. బాబాయి ఒక్క చిన్న పళ్లెం వరకు ఒప్పుకున్నాడు. పొట్టు తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పట్టుకునే సరుకు. రెండు రోజులు ఆరినా పైన పొడిగా, లోపల చెమ్మగా ఉంది. పళ్లెం కొంచెం వంచి చూస్తే పూత పొట్టుని వదిలేసి అడుగున నల్లటి మెత్తని దుమ్ములా పేరుకుంది. ఆ దుమ్ము చూడగానే బాబాయి ముఖం మారిపోయింది. అందర్నీ బయటికి పంపి, ఒక్కడే బకెట్ నీళ్లు నెమ్మదిగా దానిమీద పోశాడు. ఆ పూట షెడ్డు మూసేశాడు. నలిగి రాలిన మందు దుమ్ముకి నిప్పే అక్కర్లేదు, ఒక రాపిడి చాలు, నైలాన్ చొక్కాలో పుట్టే స్టాటిక్ కరెంటు చాలు.

మరమరాలైనా, పత్తి గింజలైనా సంగతి అంతే. బరువు మారితే, ఖాళీలు మారితే, పూత మందం మారితే కాలే వేగం మొత్తం మారిపోతుంది. పైకెళ్లి పేలాల్సింది గొట్టంలోనే పేలుతుంది. అసలు ప్రమాదం లోపలి గింజలో లేదు, దానిమీది పూతలో ఉంది. ఏ గింజ ఎంచుకున్నా ఆ పూత మీ చేతిలోనే ఉంటుంది.

షెడ్డులో ఏం ఉండేదో చెబుతాను, మీ మేడతో పోల్చి చూసుకోండి. నూలు బట్టలు, చెప్పుల్లేని కాళ్లు. సెల్‌ఫోన్ గేటు దగ్గరే. గుమ్మంలో రాగి రేకు, ఒంటిమీది స్టాటిక్ కరెంటు పోవడానికి దాన్ని తాకాకే లోపలికి. చెక్క, రాగి పనిముట్లు తప్ప ఇనుము లేదు. గదికి ఇద్దరు ముగ్గురే మనుషులు. ఎండ ఎక్కకముందే పని ఆపేయడం. ఉరుము వినబడితే అందరూ బయటికి. ఇన్ని జాగ్రత్తలున్న చోట కూడా నాకు రోజంతా టెన్షనే. 2024 దీపావళి ముందు ఉండ్రాజవరం మండలం సూర్యారావుపాలెంలో బాణసంచా తయారీ దగ్గర పిడుగు పడి ఇద్దరు మహిళలు చనిపోయారు. 2025 అక్టోబరు 8న రాయవరంలో జరిగిన పేలుడు మీరూ వినే ఉంటారు. అది మా ఊరికి ఎంతో దూరం కాదు.

చట్టం సంగతి క్లుప్తంగా: 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాలు దీనికి వర్తిస్తాయి. 15 కిలోల లోపు మందుతో పనిచేసే చిన్న షెడ్డుకి కూడా జిల్లా మేజిస్ట్రేట్ లైసెన్సు కావాలి. ఇళ్ల మధ్య మేడకి అది రాదు.

మా వీధిలో ఒక అబ్బాయి ఇలాగే డాబా మీద ఆరబెట్టిన మందుని స్టీలు గరిటెతో కదిపాడు. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. అప్పుడు వాళ్లమ్మ కంగారులో పేస్టు రాసింది. ఎవరికైనా కాలితే పేస్టు, పసుపు, సిరా ఏదీ వద్దు. ఇరవై నిమిషాలు మామూలు కుళాయి నీళ్ల కింద పెట్టి, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పటికే కొంచెం కలిపి ఉంటే నిజం చెప్పండి, ఎవరూ తిట్టరు. ఇంకా తడిగా ఉంటే ఆరనివ్వకండి. ఆరిపోయి ఉంటే కదపకండి, గీకకండి, పిల్లల్ని పైకి రానివ్వకండి. కిందికి దిగి 101కి ఫోన్ చేయండి.