భీమిలి వెళ్తున్న మేనకోడలికి

చిన్నీ,

నెల రోజులు సెలవు పెట్టి భీమిలిలో గది తీసుకున్నావనీ, ఎండలో మెరిసే సముద్రాన్ని ఆయిల్ రంగుల్లో వెయ్యడం నేర్చుకుంటావనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. రాత్రంతా నిద్రపట్టలేదు. సగం సంతోషం, సగం భయం.

ముందు భయం సంగతి. రంగుల్లో కలిపే లిన్సీడ్ ఆయిల్, అదే అవిసె నూనె, అంటిన గుడ్డపేలికలు ఉండచుట్టి మూల పడెయ్యకు. ఆ నూనె ఆరుతూ ఆరుతూ వేడెక్కుతుంది. కుప్పగా ఉంటే దానంతటదే అంటుకుంటుంది, అగ్గిపుల్ల అక్కర్లేదు. ఒక్కో గుడ్డా విడదీసి బయట తీగ మీద ఆరెయ్యి. రంగు పల్చన చేసే టర్పెంటైన్ సీసా తీసేముందు కిటికీలు తెరువు. రోజూ పడుకునే ముందు ఆ గుడ్డలు ఎక్కడున్నాయో చూసి నాకో మెసేజ్ పెట్టు. విసుక్కోకు, పెట్టు.

రంగులకి అల్ట్రామెరైన్ నీలం, విరిడియన్ ఆకుపచ్చ, ఎల్లో ఓకర్, కాడ్మియం ఎల్లో, బర్న్ట్ సియెన్నా, టైటానియం వైట్ చాలు. కింది పొర టర్పెంటైన్‌తో పల్చగా వేసుకో, పైకి వెళ్లేకొద్దీ నూనె పెంచు. ఈ వరస తిరగేస్తే బొమ్మ పగుళ్లిస్తుంది. కాన్వాస్ మీద ఎండ పడకుండా గొడుగు పెట్టుకో.

ఇక నా తప్పు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మీ అమ్మ ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో పెద్ద కాన్వాస్ కొనిచ్చింది. డిసెంబరులో, పొద్దున ఏడింటికి భీమిలి ఒడ్డున కూర్చున్నాను. మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కదా, ఆ నెలలో సూర్యుడు ఎడమపక్క లేచి, మధ్యాహ్నానికి కుడిపక్కకి జరుగుతాడు. నీళ్ల మీద ఆ మెరుపు దారి కూడా ఆయన వెంటే నడుస్తుంది. ఏడింటికి ఇసుక మీదున్న తెప్పనీ, కుడివైపు నా దాకా సాగిన దాని పొడుగాటి నీడనీ వేశాను. పది దాటాక నీళ్లు అద్దం ముక్కల్లా మెరిశాయి. ఆశపడ్డాను. పాత మెరుపు గీకేసి, కుడిపక్క కొత్త మెరుపు పెట్టాను. పదకొండు దాకా మెరుపు ఎటు జరిగితే అటు కుంచె జరిపాను. ట్యూబులో తెలుపంతా అయిపోయింది.

వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన లేచొచ్చి చాలాసేపు చూసి, "పొద్దు కుడిపక్కనుంటే నీడ కూడా కుడిపక్కకే పడతాదేటి బాబూ?" అన్నాడు. నాకు గొంతు పట్టుకుపోయింది. ఆ బొమ్మలో ఏడూ ఉంది, పదకొండూ ఉంది, ఏ పూటా లేదు.

అందుకే చెప్తున్నాను, గంటన్నర మించి ఒక కాన్వాస్ మీద కూర్చోకు. మర్నాడు అదే వేళకి రా. చిత్రకారుడు మోనే అంతటివాడే ఫ్రాన్సులో ఎత్రెతా తీరానికి కాన్వాసులు ఐదారు పట్టుకెళ్లి, వెలుగు మారగానే ఒకటి పక్కనపెట్టి ఇంకోటి తీసేవాడు. ముందు సూర్యుడెక్కడున్నాడో కాన్వాస్ వెనక రాసుకో, నీడలు వెయ్యి, అప్పుడే తెలుపు ముట్టకు. నేను తెలుపే ఎండ అనుకున్నాను. చుట్టూ నీళ్లు ఒక పిసరు ముదురుగా ఉంటేనే మెరుపు వెలుగుతుంది. కెరటం విరగబోయే ముందు దాని అంచు చూడు, ఎండ దానిలోంచి దూరి గాజులా ఆకుపచ్చగా కనిపిస్తుంది. దానికి విరిడియన్‌లో చిటికెడు కాడ్మియం ఎల్లో కలుపు. నీడలో ఉన్న నురుగు తెలుపు కాదు, లేత ఊదా.

కెరటానికి వీపు పెట్టి కూర్చోకు తల్లీ. టోపీ మర్చిపోకు.

ఆ బొమ్మ నేను పారేస్తే మీ అమ్మ ఏరి దాచుకుంది. పెళ్లయ్యాక కూడా తెచ్చుకుంది. మీ ఇంట్లో బీరువా వెనక ఉంటుంది, నేనెప్పుడూ తియ్యమని అడగలేదు. బయలుదేరే ముందు ఒకసారి తీసి ఆ నీడ చూడు. పసుపు తేలి ఉంటుంది, చీకట్లో ఉంటే లిన్సీడ్ అంతే. కొన్నాళ్లు కిటికీ దగ్గర వెలుతురులో పెట్టమని అమ్మతో చెప్పు, చాలావరకు తేరుకుంటుంది.

మీ మావయ్య