స్ట్రైక్, బాయ్‌కాట్, పికెటింగ్ తేడా ఇదండీ

స్టూడెంట్స్ క్లాసులు మానేశారని చెప్పే వాక్యంలో ఏ మాట రాయాలి, ఈ మూడూ ఒకటేనా, లాకౌట్ కూడా సమ్మేనా అని అడిగారు కదా, కాదండీ. స్ట్రైక్ అంటే పనివాళ్ళు పని ఆపెయ్యడం, లాకౌట్ దానికి రివర్సు, యజమానే గేటుకి తాళం వేసేస్తాడు. పికెటింగ్ అంటే గుమ్మం ముందు నిలబడి లోపలికెళ్ళేవాళ్ళని ఆపడం, గాంధీగారి టైంలో మనవాళ్ళు కల్లు దుకాణాల దగ్గర చేసింది అదే. ఇక బాయ్‌కాట్, అది అసలు ఒకాయన ఇంటిపేరు! 1880లో ఐర్లండ్ కౌలురైతులు చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేట్ ఏజెంటుని వెలేశారు, ఊళ్ళో ఎవరూ ఆయన పంట కొయ్యలేదు, కొట్లో సరుకులివ్వలేదు, అచ్చం మన ఊళ్ళల్లో వెలి లాగే. మీ వాక్యంలో స్టూడెంట్స్ క్లాసులకి వెళ్ళలేదు కాబట్టి బాయ్‌కాట్ అనే రాయండి. ఘెరావ్‌కి, అంటే అడిగింది ఒప్పుకునేదాకా ఎవర్నైనా చుట్టుముట్టి కదలనివ్వకపోవడానికి, ఇంగ్లీషు మాట వెతక్కండి, అది మన దగ్గర్నుంచే వాళ్ళ డిక్షనరీల్లోకి ఎక్కింది.