ప్రొడక్ట్ టెస్ట్ టెక్నీషియన్ ఉద్యోగం నాకు సరిపోతుందా?

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయ్యాక ఈ ఉద్యోగంలో చేరవచ్చా అని అడిగారు. వస్తువు గురించి కంపెనీ చెప్పిన మాట నిజమో కాదో తేల్చడమే ఇందులో పని. ఉదాహరణకు, ఐపీ67 (దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే రేటింగ్) అని రాసిన ఫోన్‌ను మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ఉంచుతాం. తీసి, తుడిచి, విప్పుతాం. సిమ్ ట్రే రబ్బరు దగ్గర చెమ్మ కనిపిస్తే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికి, ఫొటోతో సహా రాయాలి. అసలు నైపుణ్యం ఆ రాతలోనే ఉంది. "ఫెయిల్" అని ఒక్క ముక్క రాస్తే డిజైన్ వాళ్లకు ఏం ఉపయోగం?

అదే పరీక్షను యాభయ్యోసారి కూడా మొదటిసారంత శ్రద్ధగా చేయగలిగితే ఇది మీకు నప్పుతుంది. సరుకు పంపే రోజు ఎంత టెన్షన్ ఉన్నా రీడింగ్ మాత్రం మార్చకూడదు. చాలాచోట్ల నైట్ షిఫ్టులుంటాయి. త్వరగా విసుగొచ్చే మనిషైతే సర్వీసింగ్ వైపు వెళ్లడం మేలు.