అహింసా నాయకుల్లో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను ఎందుకు ఆదర్శంగా భావించాలి?

అహింసామార్గంలో నడిచిన నాయకుల్లో ఎవరు ఆదర్శమని అడిగితే, నా సమాధానం ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. పగ తీర్చుకోవడాన్ని పరువుగా ఎంచే వాయవ్య సరిహద్దు ప్రాంతపు పఠాన్ల మధ్య పుట్టి, 1929లో ఖుదాయీ ఖిద్మత్‌గార్ (దైవసేవకులు) దళాన్ని స్థాపించి, అందులో చేరే ప్రతి ఒక్కరిచేతా హింసకు పాల్పడబోమనీ, ప్రతీకారానికి దిగబోమనీ ప్రమాణం చేయించడం సామాన్యమైన పని కాదు. తెల్లబట్టలు త్వరగా మాసిపోతున్నాయని ఇటుక రంగు అద్దించుకోవడంతో వారికి ఎర్రచొక్కాల దళమన్న పేరు వచ్చింది.

1930 ఏప్రిల్ 23న, ఆయన అరెస్టును నిరసిస్తూ పెషావర్‌లోని కిస్సా ఖ్వానీ బజారులో గుమిగూడిన జనంపై బ్రిటిష్ సైన్యం కాల్పులు జరిపింది. ఆ సందర్భంలో చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వాన ఆ సైన్యంలోని గఢ్వాల్ రైఫిల్స్ దళ సైనికులు కొందరు నిరాయుధులపై తుపాకులు పేల్చడానికి నిరాకరించి, కఠిన శిక్షలు అనుభవించారు.

గాంధీజీకి అత్యంత సన్నిహితుడైనా, గఫార్ ఖాన్ అహింసకు మూలం ఇస్లాం బోధించే సహనమే. ఆయనకున్న సరిహద్దు గాంధీ అన్న బిరుదు ఈ సంగతిని కొంత మరుగుపరుస్తుందని నా అభిప్రాయం. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది ఆయన మలిజీవితం. దేశవిభజనను వ్యతిరేకించిన ఆయన, స్వాతంత్ర్యానంతరం పాకిస్తాన్ ప్రభుత్వాల చేతిలోనూ ఏళ్ల తరబడి జైలు శిక్ష అనుభవించి కూడా, 1988లో మరణించేవరకు అహింసామార్గాన్ని విడిచిపెట్టలేదు.