మా వాడు కార్ల రేసర్ కైల్ లార్సన్‌లా అవుతానంటున్నాడు, చదువు ఏమైపోతుంది?

శాక్రమెంటో నుంచి ఒక తండ్రి అడిగారు: బాబుకి 13 ఏళ్ళు, మట్టి ట్రాక్ మీద కార్ట్ (చిన్న రేస్ బండి) తోలుతున్నాడు, సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో రేస్ ఆడే సెట్టు) కొనిచ్చి ఇంట్లో కూర్చోబెట్టాలా, డర్ట్‌లోనే, అంటే మట్టి ట్రాక్‌ల మీదే ఉంచాలా, తారు ట్రాక్‌ల మీద తిరిగే స్టాక్ కార్ రేసుల వైపు పంపాలా?

సార్, మీరు మూడు దారులు అడిగారు గానీ మీ భయం ఒక్కటే, వాడు రెంటికీ చెడతాడేమో అని.

లార్సన్ మీ పక్కనున్న ఎల్క్ గ్రోవ్ వాడే కదా. 2011లో ఎల్డోరా అనే మట్టి ట్రాక్‌లో ఒక్క రాత్రే మిడ్జెట్, స్ప్రింట్, సిల్వర్ క్రౌన్ అనే మూడు రకాల కార్ల రేసులూ గెలిచాడు, అప్పటికి 19 ఏళ్ళు. 2021లో అమెరికా స్టాక్ కార్ రేసుల్లో పెద్దదైన నాస్కార్ కప్ చాంపియన్ అయిన ఏడాదే మట్టి మీద నాక్స్‌విల్ నేషనల్స్ అనే పెద్ద స్ప్రింట్ కార్ రేసు కూడా కొట్టాడు. ఒకటి వదిలేసి ఇంకోటి పట్టుకోలేదు ఆయన, అందుకే డర్టా స్టాక్ కారా అని ఇప్పుడే తేల్చమంటే నేను తేల్చను. మట్టి మీద వెనక చక్రాలు జారుతుంటే బండిని అదుపులో పెట్టుకోవడం అలవాటైనోడికి తారు మీద టైర్లు అరిగి పట్టు పోయినా కంగారుండదు.

సిమ్యులేటర్ మీద మాత్రం నాకు అనుమానమే. అందరూ నాస్కార్ డ్రైవర్ విలియం బైరన్ పేరు చెప్తారు, నిజమే ఆయన ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ సిమ్యులేటర్‌లో మొదలుపెట్టాడు, కానీ తర్వాత లెజెండ్స్ అనే నిజం చిన్న రేస్ కార్లు తోలాకే పైకొచ్చాడు. గోడకి కొడితే రీసెట్ నొక్కే చోట భయం ఎక్కడ నేర్చుకుంటాడు? ఇంట్లో ఉంటే సేఫ్ అనుకోకండి, 2020లో లార్సన్ జాతిని కించపరిచే మాట అన్నది ఐరేసింగ్ లైవ్‌లోనే, టీమ్ తీసేసింది, నాస్కార్ సస్పెండ్ చేసింది, ఆ ఏడాదంతా ఆయన గెలుస్తూ నిలబడింది మట్టి ట్రాక్‌ల మీదే.

ఒక మాట గట్టిగానే అంటాను. మీరు రాసినదాంట్లో ఖర్చుంది, బంధువులేమంటారో ఉంది, వాడు బండి ఎలా తోలతాడో ఒక్క ముక్క లేదు. ఒక్క రేసన్నా మొదట్నుంచి చివరిదాకా, ఫోన్ చూసుకోకుండా చూశారా?

చదువు గురించి మరీ బెంగొద్దు. నాస్కార్ డ్రైవర్ రయన్ న్యూమన్ పర్డ్యూ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ డిగ్రీ చేశాడు, 2008లో నాస్కార్‌లో పెద్ద రేసైన డేటోనా 500 గెలిచాడు. మీ వాడికి ఇంకా బోలెడు టైముంది, ఏ తలుపూ మూసుకుపోలేదు. ఈ సీజన్ కార్ట్‌లోనే ఉంచండి, టైర్ల గాలి ఎంత, గేరింగ్ ఏంటి, ట్రాక్ తడిగా ఉందా ఎండిందా అన్నీ వాడి చేతే నోట్‌బుక్‌లో రాయించండి, పక్కన మీరూ కూర్చోండి. టీమ్‌లో డ్రైవర్ సీటు కోసం డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే ఇల్లు తాకట్టు పెట్టొద్దు, ముందు నాకు ఫోన్ చెయ్యండి.