సీసా సంగతి తర్వాత, ముందు మీ బోరు నీళ్ల సంగతి చెప్పండి

మీ ప్రశ్న చదవగానే నాకు వచ్చిన సందేహం మీ జుట్టు గురించి కాదు, మీ ఇంట్లో స్నానానికి ఏ నీళ్లు వాడుతున్నారని. జుట్టు కొంచెం ఉంగరాలు తిరిగి ఉంటుందని, కుదుళ్ల దగ్గర జిడ్డు, చివర్లలో పొడి అని, ఎన్ని షాంపూలు మార్చినా తలస్నానం చేసిన మర్నాటికి కొబ్బరి పీచులా తయారవుతుందని రాశారు. ఈ రకం జుట్టుకు ఏ షాంపూ, ఏ కండిషనర్ సరిపోతాయని అడిగారు. పార్లర్‌లో జుట్టును సాఫీ చేసే కెరటిన్ చికిత్స చేయించుకోమంటున్నారనీ రాశారు. ఊరు నల్లగొండ జిల్లా దేవరకొండ అని మాత్రం చివర్లో ఒక్క ముక్క పడేసి ఊరుకున్నారు. అసలు విషయమంతా ఆ ముక్కలోనే ఉంది.

నేను పుట్టింది మర్రిగూడ దగ్గరి పల్లెలో, ఇప్పుడు ఉండేది నల్లగొండలో. మధ్యలో మావారి ఉద్యోగం వల్ల కొంతకాలం గద్వాలలో ఉన్నాం. అక్కడ మా నల్లాకు నది నీళ్లు వచ్చేవి, ఇక్కడ మా అపార్టుమెంటుకు బోరే దిక్కు. అదే తల, అదే షాంపూ. గద్వాలలో దువ్వెన పెడితే జారిపోయిన జుట్టు నల్లగొండకు వచ్చాక చిక్కులు పడి కూర్చుంది. మరి సీసా మీద రాసే ‘పొడి జుట్టు’, ‘సాధారణ జుట్టు’ అనే రకాల్లో నాది ఏదని రాసుకోవాలి? జుట్టు రకం సగం పుట్టుకతో వస్తుంది, మిగతా సగం బకెట్‌లోంచి వస్తుంది. ఈ మాట షాంపూ ప్రకటనల్లో ఎవరూ చెప్పరు.

నల్లగొండ నీళ్లు అనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు. జుట్టు రాలినా ఫ్లోరైడే, తల నెరిసినా ఫ్లోరైడే. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఫ్లోరైడ్ దెబ్బ పళ్ల మీద, ఎముకల మీద పడుతుంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు నడుములు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్లం మేము. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందిస్తే, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే నిలిచిపోయింది. అంత పెద్ద బాధను తెచ్చి షాంపూ గొడవకు అంటగట్టడం నాకు నచ్చదు. మీ జుట్టును పీడిస్తున్నది నీటి కాఠిన్యమని నా గట్టి నమ్మకం. రాతి పొరల్లోంచి కరిగి వచ్చే కాల్షియం, మెగ్నీషియం లవణాలవి. తాగే నీటిలో ఈ కాఠిన్యం కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ అంటుంది. మా అపార్టుమెంటు బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఆ రెండో గీత కూడా దాటింది. పరీక్ష దాకా పోకుండానే తెలుసుకోవచ్చు. మీ ఇంట్లో నీళ్లు కాచే హీటర్ రాడ్డుకు తెల్లటి పొర పేరుకుందా? అది రాడ్డుకు పట్టి ఊరుకుని మీ తలను వదిలిపెడుతుందా?

ఇక నేను చెప్పాలనుకున్న అసలు కథ. మా అక్క కూతురు హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదువుతుంది. మీలాగే ఉంగరాల జుట్టు. బతుకమ్మ పండక్కి అమ్మమ్మ ఊరికి వస్తూ ఒక సంచి నిండా సీసాలు తెచ్చింది. సల్ఫేట్ అనే నురగ పదార్థం లేని షాంపూ, చిక్కటి కండిషనర్, తల ఆరకముందే రాసుకునే జెల్, ఇంకేవో. వీడియోల్లో చూసి నేర్చుకుందట. వాటి ధర విని మా అమ్మ, ఆ డబ్బుతో ఇంటికి నెల సరిపడా నూనె వస్తుందని లెక్క చెప్పింది.

సద్దుల బతుకమ్మ నాటి పొద్దున పిల్ల గోళెంలోని బోరు నీళ్లతో తలస్నానం చేసింది. నురగ రాలేదని ఇంకొంచెం షాంపూ, అయినా రాలేదని ఇంకొంచెం. దాని మీద కండిషనర్, దాని మీద జెల్. ఎండలో ఆరాక చూస్తే జుట్టు వెలవెలబోయి, ముట్టుకుంటే బంకగా ఉంది. దువ్వెన చెవి దగ్గరే ఆగిపోయింది. సాయంత్రం బతుకమ్మ ఆడాలి, కొత్త లంగావోణీ పెట్టెలో ఉంది. పిల్ల ఏడుపు మొదలుపెట్టి, “చిన్నమ్మా, నాకు ఈ ఊరే పడదు” అంది. ఆ మాట మా అమ్మ చెవిన పడింది. ఇక చూడండి. ఊరిని అంటావా అని ఆవిడ, నీళ్లను అన్నానని ఇది.

నీళ్లనే అంటున్నావు కదా, చూద్దాం అన్నాను నేను. పిల్లను కూర్చోబెట్టి నడినెత్తిన పాపట తీసి జుట్టును రెండు పాయలు చేశాను. ఒక బకెట్ బోరు నీళ్లు. ఇంకో బకెట్ మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు, అంటే కృష్ణా నీళ్లు కావాలి. ఆ నీళ్లు ఇవ్వడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. “తాగే నీళ్లతో తలస్నానమా?” అంది. ఆవిడను తప్పుపట్టలేను. ఆవిడ పళ్ల మీద ఇప్పటికీ ఆ పాత నీళ్ల గోధుమరంగు చారలున్నాయి. మోకాళ్ల సంగతి చెప్పనక్కరలేదు. నల్లాలో కృష్ణమ్మ వచ్చిన రోజు బిందెకు పసుపు కుంకుమ పెట్టిన మనిషి. చివరికి మనవరాలి కన్నీళ్లు చూసి ఒక బకెట్ వదులుకుంది.

షాంపూ మాత్రం ఆ సీసాలది కాదు, మా ఊరి దుకాణంలో దొరికే మామూలు ప్యాకెట్. రెండు పాయలకూ అదే. కృష్ణా నీళ్ల పాయ మీద నురగ పొంగి, కడగడానికి ఇంకో చెంబు అడిగింది. బోరు నీళ్ల పాయ మీద నురగ లేచినట్టే లేచి అణిగిపోయింది. ఆరాక ఒక వైపు దువ్వెన పైనుంచి కిందికి దిగింది, రెండో వైపు మళ్లీ చెవి దగ్గరే ఆగింది. తంగేడు, గునుగు పూలు పేర్చడానికి వచ్చిన ఆడవాళ్లంతా పూలు పక్కన పెట్టి పిల్ల తల రెండు వైపులా నిమిరి చూశారు. పక్కింటి అవ్వ మాత్రం లేవనే లేదు. “ఇందులో చూడటానికి ఏముంది? ఆ బోరు నీళ్లలో కందిపప్పే ఉడకదు” అంది. ఇంతకంటే రుజువు నాకు అక్కరలేదు. రెండో పాయను కూడా కృష్ణా నీళ్లతో కడిగించి, జడ వేసి ఆటకు పంపాం. మా అమ్మ ఆ రెండో బకెట్ గురించి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

జరిగింది ఇదీ. సబ్బయితే కఠిన జలంలో విరిగి తెల్లటి ముద్దలవుతుంది. షాంపూ అలా విరగదు గానీ నురగ తగ్గుతుంది, కాల్షియం వెంట్రుకలను అంటుకుంటుంది. రంగు వేసిన జుట్టుకు, వేడి ఇస్త్రీలు తిన్న జుట్టుకు మరీ ఎక్కువగా అంటుకుంటుంది. దాని మీద మీరు రాసే కండిషనర్ మెత్తదనం ఇవ్వకపోగా బరువు పెంచుతుంది. సల్ఫేట్ అనే పేరు వినగానే భయపడమని నేర్పే వీడియోలు మెత్తని నీళ్లున్న ఊళ్ల కోసం తీసినవని నా అనుమానం. కొబ్బరినూనె దట్టించిన తలకు, ఈ నీళ్లలో, సోడియం లారెత్ సల్ఫేట్ ఉన్న మామూలు షాంపూ చేసే పని ఆ ఖరీదైనవి చేయలేవు.

ఇప్పుడు మీరు అడిగినదానికి వస్తాను. మీకు కుదుళ్లు జిడ్డు, చివర్లు పొడి కదా? షాంపూను మాడును చూసి కొనండి, కండిషనర్‌ను వెంట్రుక చివరను చూసి కొనండి. రెండూ ఒకే రకం, ఒకే కంపెనీవి జంటగా కొనాలని ఎక్కడా లేదు. అది అమ్ముకునేవాళ్ల సౌకర్యం. మీకు జిడ్డు తలకు చెప్పే షాంపూ, పొడి జుట్టుకు చెప్పే కండిషనర్ కావాలి. షాంపూ సీసా వెనక చిన్న అక్షరాల్లో డైసోడియం ఈడీటీఏ గానీ టెట్రాసోడియం ఈడీటీఏ గానీ ఉందేమో చూడండి. అది కాల్షియాన్ని పట్టుకుని నీళ్లతో పాటు బయటికి పంపుతుంది. చాలా షాంపూల్లో ఉండేది కొద్దిగానే, అయినా మన నీళ్లకు లేనిదానికంటే నయం. షాంపూను వేళ్లతో మాడుకు మాత్రమే పట్టించండి, కిందికి జారే నురగ చివర్లకు చాలు. కండిషనర్‌లో బెహెన్‌ట్రైమోనియం, సెట్రైమోనియం అనే పేర్లుంటే మంచిదే. దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం ఉంటుంది, ఇవి ధనావేశంతో వెళ్లి అక్కడే అతుక్కుంటాయి. చెవుల కిందినుంచి చివరి దాకా రాసి, రెండు మూడు నిమిషాలుంచి కడగండి. మాడుకు రాస్తే మర్నాటికి మళ్లీ జిడ్డే.

చుండ్రు కూడా ఉంటే దారి వేరు. కెటొకొనజోల్ షాంపూను తలకు పెట్టి మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగాలి. వెంటనే కడిగేస్తే మందు పనిచేయదు. చుండ్రు ఉన్న రోజుల్లో తలకు నూనె పెట్టమని పెద్దవాళ్లు ఎంత పోరినా వినకండి. చుండ్రు తెచ్చే మలసీజియా శిలీంధ్రానికి ఆ కొవ్వే తిండి.

పెద్ద సీసా కొనేముందు ప్యాకెట్ తెచ్చి వాడి చూడండి. తమిళనాడులోని కడలూరు నుంచి వెల్వెట్ షాంపూ, ఆ తర్వాత 1983లో మొదలైన చిక్ ప్యాకెట్లు ఊళ్లకు వచ్చాకే మా వంటి ఇళ్లలోకి షాంపూ అడుగుపెట్టింది. ఇప్పుడు ప్యాకెట్ కొనడం నామోషీ అనుకుంటున్నారు. ఇష్టంలేని సీసాలు మూడు నాలుగు బాత్‌రూమ్ గూట్లో పడి ఉండటం మాత్రం నామోషీ కాదట.

కుంకుడుకాయల గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. కుంకుడు రసంలోని నురగ సబ్బులా విరగదు, అందుకే మన అమ్మమ్మలు బావినీళ్లతోనూ నెట్టుకొచ్చారు. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమలలో చెంచులు ఏరి తెచ్చే కాయలు దొరికితే వదలకండి. కొట్టి, గింజ తీసి, వేడినీళ్లలో నానబెట్టి పిసికి, గుడ్డలో వడగట్టండి. వడగట్టని రసం పోసుకుని పొట్టు ఏరుకోలేక కుంకుడును తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. కంట్లో పడితే మండుతుంది, దానికి మందు లేదు, కళ్లు మూసుకోవడమే. మీ చివర్లు పొడి కాబట్టి దాని తర్వాత మందారాకు నూరిన జిగురు గానీ, కండిషనర్ గానీ తప్పదు.

షవర్‌కు తగిలించే ఫిల్టర్ కొనమని మీకు ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మా అపార్టుమెంటులో సగం మంది కొన్నారు. వాటిలో చాలావరకు క్లోరిన్ వాసన తగ్గించేవే, కాఠిన్యం అలాగే ఉంటుంది. కాఠిన్యం పోవాలంటే, కాల్షియాన్ని పట్టుకునే రెసిన్ పూసలుండి, వాటిని ఉప్పుతో కడిగే సాఫ్ట్‌నర్ కావాలి, అది ఇంటి ట్యాంకుకు పెట్టుకునే పెద్ద ఖర్చు. అంతకంటే ఆఖరి రెండు చెంబులు నల్లా నీళ్లతోనో, వాన నీళ్లతోనో పోసుకోండి. ఆ చెంబులో నిమ్మరసం నాలుగు చుక్కలు పిండినా మంచిదే. నీళ్లు మరిగిస్తే కాఠిన్యం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

కెరటిన్ వద్దనే నా మాట. వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వదిలే రకాలు వాటిలో ఉన్నాయి, కళ్లు, ముక్కు మండుతాయి. పైగా అంత డబ్బు పోసి చేయించుకున్నాక కడగాల్సింది మళ్లీ ఆ బోరు నీళ్లతోనే.

ఇవన్నీ కొనేముందు ఒక పని చేయండి. పారదర్శకమైన సీసాలో సగం దాకా బోరు నీళ్లు పోసి, ఒంటి సబ్బు కొంచెం గీరి వేసి బాగా కదపండి. మరో సీసాలో నల్లా నీళ్లతోనూ అలాగే. నురగ ఎందులో నిలిచిందో, ఎందులో తెల్లటి తరకలు తేలాయో రాయండి. భగీరథ నీళ్లు మీ వీధికి ఏ రోజు, ఏ వేళకు వస్తాయో కూడా రాస్తే తలస్నానం ఎప్పుడు పెట్టుకోవాలో చెబుతాను.