గుండె డాక్టరు ఒకటి, కిడ్నీ డాక్టరు ఒకటి చెబితే...

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు. బీపీ, షుగరు ఉన్నాయి. ఎనిమిదేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) కొంచెం ఎక్కువే ఉంటుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షనుతో జ్వరం వస్తే కడపలో ఆసుపత్రిలో చేర్చాము. మూడో రోజు రాత్రి నన్ను గుర్తుపట్టలేదు, ఎప్పుడో పోయిన మా నాన్నను పిలిచింది, సెలైన్ సూది పీకేసింది. పొద్దునకు మళ్లీ మామూలుగా మాట్లాడింది. ఇది మతిమరుపు జబ్బేనా? ఇది చాలదన్నట్టు, ఒంట్లో నీరు తీసే మాత్రను గుండె డాక్టరు ఆపవద్దంటున్నారు, కిడ్నీ డాక్టరు ఆపమంటున్నారు. మేము ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: మతిమరుపు జబ్బు నెలల తరబడి, ఏళ్ల తరబడి మెల్లగా ముదురుతుంది. మీ అమ్మగారికి వచ్చినది ఒక్క రాత్రిలో వచ్చి, పొద్దునకు తగ్గింది. దీన్ని వైద్యులు డెలీరియం అంటారు. జ్వరంలో మనిషి కలవరిస్తే మన పెద్దలు సంధి కొట్టిందనేవారు, ఇంచుమించు అదే. ఇది మెదడులో పుట్టిన జబ్బు కాదు, ఒంట్లో మరెక్కడో ఉన్న ఇబ్బందిని మెదడు బయటపెట్టడం. ఇన్‌ఫెక్షను, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో సోడియంగానీ చక్కెరగానీ పడిపోవడం, మూత్రం బిగపట్టుకుపోవడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. చాలాసార్లు రెండు మూడు కలిసే ఉంటాయి. అందువల్ల ఆ రాత్రి సంగతిని ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకోకుండా, ఉదయం రౌండ్సుకు వచ్చే డాక్టరుకు తప్పక చెప్పండి. కేకలు వేసే రోగిని అందరూ గమనిస్తారు. పిలిచినా పలకకుండా మగతగా పడుకునే రోగిని ‘నిమ్మళంగా ఉన్నారు’ అనుకుంటారు, నిజానికి ఆయనది కూడా డెలీరియమే కావచ్చు.

రాత్రి నిద్రపట్టడం లేదని నిద్రమాత్ర వేయమని మీరే అడగకండి. ఆల్ప్రజోలం వంటి మాత్రలు, జలుబుకూ దురదకూ వాడే కొన్ని మగత మందులు ఈ స్థితిని ఎక్కువ చేస్తాయి. కళ్లజోడు, చెవి మిషను ఇంట్లో వదిలిపెట్టి వచ్చి ఉంటే వెంటనే తెప్పించండి. తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండి, ఇది ఆసుపత్రి, ఈ రోజు ఫలానా వారం అని నెమ్మదిగా గుర్తుచేస్తూ ఉండాలి. పగటిపూట కుర్చీలో కూర్చోబెట్టండి. మూత్రానికి గొట్టం వేసి ఉంటే అది ఇంకా అవసరమా అని రోజూ అడగండి, ఎందుకంటే ఆ గొట్టం కొత్త ఇన్‌ఫెక్షనుకు దారి, మనిషిని మంచానికి కట్టిపడేసే తాడు కూడా.

ఇక మాత్ర సంగతి. నన్ను అడిగితే ఇద్దరు డాక్టర్లూ తమ తమ వైపు నుంచి సరిగానే చెబుతున్నారు. గుండె బలహీనంగా ఉన్న మనిషికి ఆ మాత్ర ఆపితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. అదే మనిషి జ్వరంతో మూడు రోజులుగా సంగటి ముద్ద ముట్టక, నీళ్లు సరిగా తాగక ఎండిపోయి ఉంటే, ఆ మాత్ర కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. కాబట్టి తేలవలసింది ఏ డాక్టరు గొప్ప అన్నది కాదు, ఈ రోజు మీ అమ్మగారి ఒంట్లో నీరు ఎక్కువగా ఉందా, తక్కువగా ఉందా అన్నది. రోజూ ఒకే వేళకు చూసిన బరువు, ఇరవైనాలుగు గంటల్లో పోసిన మూత్రం, పాదాల వాపు, ఆయాసం, కూర్చోబెట్టినప్పుడు పడిపోయే బీపీ, పొటాషియం, క్రియాటినిన్ – వీటిని కలిపి చూస్తే అది తెలుస్తుంది. ఒక మాట గుర్తుంచుకోండి: కండ తరిగిన ముసలివారిలో క్రియాటినిన్ అంకె మామూలుగా కనిపిస్తున్నా, కిడ్నీ పని అంత బాగా లేకపోవచ్చు.

మీరు పట్టుబట్టవలసినది ఒక్కటే. ఇద్దరి సలహాలనూ కలిపి తుది నిర్ణయం తీసుకునే డాక్టరు ఒకరు ఉండాలి. సాధారణంగా ఆ బాధ్యత జనరల్ మెడిసిన్ వైద్యులది. ఆయనను కలిసి, ఈ మాత్ర ఆపితే మళ్లీ ఎప్పుడు, ఏది చూసి మొదలుపెడతారని అడగండి. ఆ జవాబు డిశ్చార్జి కాగితంలో కూడా ఉండాలి, లేకపోతే ఆపిన మాత్ర ఆగిపోయే ఉంటుంది, లేదా ఇంట్లోని పాత చీటీ చూసి మరుసటి రోజే మింగిస్తారు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునేవాటితో సహా, ఒక సంచిలో వేసి ఆయన ముందు పెట్టండి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర, టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్ర, నీరు తీసే మాత్ర, ఈ మూడూ కలిస్తే ముసలి కిడ్నీ తట్టుకోవడం కష్టం. షుగరుకు గ్లిబెన్‌క్లమైడ్ వాడుతుంటే ఆ సంగతి మరీ ముఖ్యం. కిడ్నీ తగ్గినవారిలో, తిండి తగ్గిన రోజుల్లో, అది చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది.

ప్రశ్న: మా నాన్నకు 84 ఏళ్లు. మొన్న బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. అంతకుముందు రోజు కూడా టీ కొట్టు దాకా తానే నడిచి వెళ్లి వచ్చారు. ఈ వయసులో ఆపరేషను వద్దని బంధువులు, బెంగళూరుకు తీసుకుపోదామని అన్నయ్య. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: వయసు ఒక్కటే ఆపరేషను మానుకోవడానికి కారణం కాదు. విరిగిన తుంటితో వారాల తరబడి మంచంలో ఉంటే న్యుమోనియా, పడక పుండ్లు, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులు పొంచి ఉంటాయి. ఆపరేషను మనిషిని నడిపించడానికే కాదు, నొప్పి తగ్గించడానికి కూడా. వీలైనంతవరకు 48 గంటల లోపలే చేయాలన్నది వైద్యుల మాట. కాబట్టి అనంతపురంలోనే ఎముకల డాక్టరు, మత్తు డాక్టరు సిద్ధంగా ఉంటే, పేరున్న ఆసుపత్రి కోసం ఇంకో రెండు రోజులు పోగొట్టుకోవడం నాకు సమ్మతం కాదు. పడకముందు ఆయన ఎలా నడిచేవారో, తన పనులు ఎంతవరకు తానే చేసుకునేవారో డాక్టర్లకు చెప్పండి. మంచంలో పడుకున్న మనిషిని చూసి వారు ఊహించలేనిది అదే. మీ నిర్ణయం నిలబడవలసింది కూడా దానిమీదే. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆ మాట మొదటే చెప్పాలి.

ప్రశ్న: మా అత్తగారు, తనకు చివరి దశలో వెంటిలేటరు పెట్టవద్దంటున్నారు. నోటిమాట చాలదని కొందరు అంటున్నారు. కాగితం రాస్తే చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: చెల్లుతుంది. ఇలాంటి ముందస్తు వైద్య నిర్దేశాన్ని సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరింపజేస్తే చాలు. తాను చెప్పలేని స్థితిలో తన తరఫున ఎవరు మాట్లాడాలో పేర్లు కూడా అందులో రాయాలి, ఒకరికి మించి రాయవచ్చు. ఆ రోజు వచ్చినప్పుడు, కోలుకునే ఆశ లేదని ఆసుపత్రిలోని వైద్యుల బోర్డు, దానిపై రెండో బోర్డు తేల్చిన తరువాతే దాన్ని అమలు చేస్తారు. కాబట్టి సాధారణ జ్వరానికి చేరినా వైద్యం ఆపేస్తారన్న భయం అక్కరలేదు. అత్తగారు మనసు మార్చుకుంటే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి; ఒక నకలు ఆమెను ఎప్పుడూ చూసే డాక్టరు దగ్గర, మరొకటి ఊళ్లో లేని కొడుకు దగ్గర ఉండాలి.